మెట్ల కింది నూనె డబ్బా

"అత్తయ్యా, ఇది మన నూనె కాదు."

పొయ్యి మీద పెద్ద బాణలి కాగి ఉంది. పక్కన గంపెడు వంకాయలు ముక్కలై ఉప్పునీళ్లలో తేలుతున్నాయి. గరిటక్క డబ్బా వంచి ధార మొదలుపెట్టిందో లేదో గుప్పున వాసన లేచింది. అది వంటింటి వాసన కాదు. రోజూ సాయంత్రం మొగుడి చొక్కాలోంచి వచ్చే వాసన.

ఆవిడ చటుక్కున పొయ్యి ఆర్పేసింది. డబ్బా మూతి ముక్కు దగ్గర పెట్టుకుని ఇంకోసారి వాసన చూసింది. మిషన్ ఆయిల్. అనుమానమే లేదు.

గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తున్న అత్తగారు తలెత్తకుండానే అడిగింది.

"మనది కాకపోతే ఎవరిదే?"

"మీ అబ్బాయిది. కుట్టుమిషన్లలో పోసేది."

ఈసారి అత్తగారు తలెత్తింది. చేతిలోని ఉల్లిపాయ పక్కన పెట్టింది.

"మరి మన నూనె ఏదీ?"

అదే గరిటక్కకీ తెలియాలి.

రక్తపరీక్ష చేయించిన రోజు నుంచీ ఆ ఇంట్లో నూనెకి కష్టకాలం వచ్చింది. గరిటక్క రక్తంలో కొవ్వు ఎక్కువుందని డాక్టరు అన్నాడో లేదో, మర్నాడే మొగుడు వంటింట్లోని నూనె క్యాను ఎత్తుకెళ్లి ఎవరికో ఇచ్చేశాడు. దాని చోట మిషన్లకి నూనె వేసే పొడుగు ముక్కు డబ్బా, కొత్తది, తెచ్చి పెట్టాడు. దాని అడుగు నొక్కితే ఒక చుక్క రాలుతుంది. కూరకి ఎన్ని చుక్కలు వెయ్యాలో కూడా ఆయనే చెప్పాడు. ఆ డబ్బా చూసిన రోజు గరిటక్క నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది.

ఆయన ఒక బట్టల కార్ఖానాలో కుట్టుమిషన్ల మెకానిక్. ఏ మిషను విప్పినా "ఒక్క చుక్క చాలు, ఎక్కువైతే మొరాయిస్తుంది" అంటాడు కాబట్టి కార్ఖానాలో అందరూ చుక్కన్న అంటారు. కొత్తగా చేరినవాళ్లు ఆ పేరు విని తాగుబోతనుకుంటారు, పాపం. ఆయన టీ కూడా తాగడు.

మిషను సంగతి నాకు తెలియదు. కూర సంగతిలో మాత్రం నేను గరిటక్క పక్షం, దాచుకోవడం దేనికి? వంకాయ ముందు తాగినంత నూనె తాగుతుంది. చాలనిపించాక తాగిందాన్ని మెల్లగా బయటికి వదులుతుంది. బాణలి అంచుల వెంట ఆ నూనె మెరుస్తూ తేలినప్పుడే కూర అయినట్టు. అంతకు ముందే దించేస్తే దాన్ని ఉడికిన వంకాయ అనాలి, కూర అనకూడదు. చుక్కల డబ్బాతో వండిన మొదటిరోజు అత్తగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కంచం వైపు చాలాసేపు చూసి, "ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది.

అందుకే అత్తాకోడళ్లు కూడబలుక్కున్నారు. ఆయనకి తెలియకుండా నూనె తెచ్చుకున్నారు. ఆయనకి మాత్రం చుక్కల కూరే విడిగా వండేవాళ్లు. దాచడానికే చోటు దొరకలేదు. ఆఖరికి ఆయన సామాన్లలోనే దాచారు. మెట్ల కింద మిషన్ ఆయిల్ డబ్బాలు రెండు వరసలుగా ఉంటాయి. ఖాళీ అయినదాన్ని ఒకదాన్ని గరిటక్క వేణ్నీళ్లతో, సబ్బుతో వాసన పోయేదాకా తోమి, ఎండబెట్టి, వంటనూనె నింపి వెనక వరసలో పెట్టింది. తన డబ్బాల మధ్య పరాయి డబ్బా ఉందని ఏ మెకానిక్ అనుమానిస్తాడు?

"మూలకి, వెనక వరసలోనే పెట్టాను," అంది గరిటక్క. "ఇప్పుడూ అక్కడ్నించే తెచ్చాను. మెట్ల కింద మీరేమైనా సర్దారా?"

అత్తగారు ఉల్లిపాయ మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"అత్తయ్యా."

"బూజు దులిపాను," అంది అత్తగారు. "ఆదివారం. నువ్వు చిన్న గిన్నెలోకి నూనె వంపుకెళ్లావు చూడు, ఆ తర్వాత. అన్నీ బయటపెట్టి తుడిచి మళ్లీ లోపల పెట్టాను. అదీ తప్పేనా?"

"మనది ఎక్కడ పెట్టారు?"

"అన్నీ తెల్ల డబ్బాలేనాయె. నా కళ్లకి అన్నీ ఒకటే."

గరిటక్క గోడకి ఆనుకుంది.  సోమవారం పొద్దున ఆయన ముందు వరసలోంచి ఒక డబ్బా తీసుకుని కార్ఖానాకి వెళ్లడం ఆవిడ కళ్లారా చూసింది. వారం మొదట్లో అన్ని మిషన్లకీ నూనె వేస్తాడు. ఆయనకి అప్పటికే జలుబు పట్టింది, ముక్కు మూసుకుపోయి నోటితో ఊపిరి పీలుస్తున్నాడు. వంటనూనె చూస్తే నీళ్లలా తేటగా ఉంది. వాసన తెలియని మనిషికి తేడా ఎలా తెలుస్తుంది?

రెండు రోజులు పోయాక మిషన్లు బరువెక్కడం మొదలైంది. ఒకటి తర్వాత ఒకటి. సూది దిగితే లేవదు, చక్రం తిప్పితే తిరగదు. ఆయన రాత్రి కంచం ముందు కూర్చుని అదే మాట అన్నాడు. "స్వయంగా నూనె వేశాను. నా చేత్తో వేశాను. ఎందుకు బిగుసుకుంటున్నాయో అర్థం కావట్లేదు."

దానికి గరిటక్క ఏమందో ఇప్పుడు గుర్తొచ్చింది. "అక్కడ కూడా చుక్కలే రాల్చి ఉంటారు," అంది. ఆయన తినకుండా లేచిపోయాడు. ఆవిడ పట్టించుకోలేదు. పైగా లోపల్లోపల సంతోషించింది కూడా.

"కొంప మునిగింది, అత్తయ్యా."

"మునగలేదు. బాణలి తోము. నేను కొట్టుకెళ్లి నూనె తెస్తాను." అత్తగారు మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచింది. వీధి చివరిదాకా నడవమంటే రోజూ మూలిగే మనిషి సంచి పట్టుకుని చకచకా గుమ్మం దాటేసింది.

అంతలో ఫోను మోగింది. ఆడపడుచు. ఆ కార్ఖానాలోనే కుడుతుంది. వెనక మిషన్ల చప్పుడు పల్చగా వినిపిస్తోంది. సగం మిషన్లు ఆగిపోయి ఉంటాయి.

"వదినా, వండుతున్నావా?"

"ఆఁ."

"మేడమ్ పొద్దుట్నుంచీ నీ కూర గురించే అడుగుతోంది. ఇక్కడందరూ ఇంట్లోంచి డబ్బాలు తెచ్చుకోలేదు తెలుసా? నీ మీదే ఆశ. ఈ పూట బాగుంటే వంటగది నీదే, ఇంకెవర్నీ చూడనని మేడమ్ అందరి ముందూ అంది."

 పెళ్లయిన దగ్గర్నుంచీ ముగ్గురు నలుగురికి వండి వండి గరిటక్క చేయి చిన్నబోయింది. పెద్ద పొయ్యి, ఇద్దరు పట్టుకుంటేగానీ దిగని గిన్నెలు, వరసలుగా కూర్చుని ఇంకాస్త వెయ్యమనే మనుషులు, ఇంతకు మించి ఆవిడ దేవుణ్ని ఏమీ అడగలేదు. కార్ఖానా యజమానురాలు, ఆ మేడమే, వంటగది కట్టించి వంటమనిషి కోసం చూస్తోందని తెలిసిన రోజు ఆవిడకి అన్నం సయించలేదు.

"వింటున్నావా? ఇంకో సంగతి," అంది ఆడపడుచు గొంతు తగ్గించి. "భోజనాలయ్యాక అన్నయ్య సంగతి తేలుస్తుందట. కల్తీ నూనె తెచ్చి పోశాడని అనుకుంటోంది. అన్నయ్య ఒక్క మాటా అనట్లేదు, మిషన్ల కింద దూరి విప్పుతూనే ఉన్నాడు. నాకు ఏడుపొస్తోంది వదినా. నువ్వు మాత్రం కూర అదరగొట్టు."

ఫోను పెట్టేశాక గరిటక్క బాణలి తోమింది. తోమిందే తోమింది. అందులో తన మొహం కనిపించేదాకా తోమింది.

అత్తగారు నూనె తెచ్చి నేల మీద దించి, ఆయాసపడుతూ కోడలి మొహం చూసింది.

"చెప్పేస్తాను," అంది గరిటక్క.

"ఎవరికి?"

"మేడమ్‌కి. నూనె నాదని."

"చెప్తే వంటగది ఇస్తుందా?"

"ఇవ్వదు."

"మరి?"

"చెప్పకపోతే ఆయన్ని దొంగంటుంది."

అత్తగారు సంచి మడిచి పక్కన పెట్టింది. "వాడికి చేతిలో పనుంది. ఇక్కడ కాకపోతే ఇంకోచోట. నీకు మళ్లీ ఇలాంటి అవకాశం రాదు."

"ఆయన మీ కొడుకేనా అత్తయ్యా?"

"కొడుకే. కానీ నువ్వు కూడా నా ఎదురుగానే ఉన్నావుగా ఇన్నేళ్లనుంచీ." ఆవిడ కళ్లు ఒత్తుకుంది. ఉల్లిపాయ ఘాటో మరేమిటో. "సరే, చెప్పాలంటే చెప్పు. తిన్నాక చెప్పు. ఆకలి మీద చెబితే గిన్నెతో సహా బయట పెడుతుంది."

పొయ్యి మళ్లీ వెలిగింది. గరిటక్క క్యాను రెండు చేతులతో ఎత్తింది. ఎన్నాళ్లయిందో అలా పోసి. ధార సన్నబడకుండా, చెయ్యి వణకకుండా, బాణలి అడుగంతా మునిగేదాకా పోసింది. ఆగింది. ఇంకాస్త పోసింది. ఉల్లిపాయలు పడగానే వంటిల్లు అంతా చుయ్యిమంది. పక్కింటావిడ కిటికీలోంచి తల పెట్టి "ఏం చేస్తున్నావే?" అని అడిగి, సమాధానం కోసం ఆగకుండా అక్కడే నిలబడిపోయింది. 

చేతిలో గరిటె తిరుగుతుంటే గరిటక్కకి భయం పోలేదు గానీ, భయంతోపాటు ఒక హుషారు కూడా వచ్చింది. ఇదే ఆఖరిసారి పెద్ద బాణలి అయితే కానీ. ఆ కూర మాత్రం జన్మలో ఎవరూ మరిచిపోకూడదు. వంకాయలు నూనె తాగి మెత్తబడ్డాయి. కారం రంగు తిరిగింది. ఆఖరికి అంచుల వెంట ఎర్రటి నూనె తేలి బాణలి చుట్టూ వలయంలా నిలబడింది.

"అయింది," అంది అత్తగారు, గుమ్మంలోంచే.

కార్ఖానా అంటే పొడుగాటి ఒక హాలు. కిటికీల వైపు కత్తిరింపు బల్ల, దాని మీద ఆసుపత్రి గౌన్లకని తెచ్చిన లేత ఆకుపచ్చ గుడ్డ. మధ్యలో మిషన్లు వరసలుగా. మామూలుగా ఆ గదిలో మాట వినిపించదు. ఆ రోజు ఆడవాళ్ల నవ్వులు కూడా వినిపిస్తున్నాయి. నడిచే మిషన్ల కంటే ఆగినవే ఎక్కువున్నాయి.

చుక్కన్న ఒక మిషను కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. మోచేతులదాకా మసి. పక్కన కిరసనాయిలు గిన్నె, గుడ్డపీలికలు, తెల్ల డబ్బా. గరిటక్క చూపు ముందు ఆ డబ్బా మీదే పడింది.

ఆయన బయటికొచ్చి కూర్చున్నాడు. ముక్కు ఎర్రగా కంది ఉంది. గిన్నె వైపు చూశాడు. ఇద్దరు మనుషులు మోసుకొచ్చిన గిన్నె. మూత సందుల్లోంచి నూనె చెమర్చింది.

"ఎంత పోశావు?"

"కావలసినంత."

"పొద్దున చుక్కల డబ్బా చూశాను. నిండుగా ఉంది. మరి ఏ నూనె పోశావు?"

"మీతో ఒక మాట చెప్పాలి," అంది గరిటక్క.

"నూనె గురించేనా?"

"నూనె గురించే."

"అయితే ఇప్పుడొద్దు. ఇవాళ నాకు ఓపిక లేదు." మళ్లీ మిషను కిందికి దూరిపోయాడు. కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. గరిటక్క ఆ కాళ్లకి చెప్దామా అనుకుంది. ఈలోగా ఆడపడుచు పరిగెత్తుకొచ్చి "వదినా, మేడమ్ కూర్చుంది" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది.

మేడమ్ కొలతల టేపు మెడలోంచి తియ్యకుండానే నేల మీద అందరితోపాటు కూర్చుంది. మొదటి ముద్ద పెట్టుకుంది. ఏమీ అనలేదు. రెండో ముద్ద పెట్టుకుంది. హాలంతా ఆవిడ దవడ వైపే చూస్తోంది.

"ఇంకాస్త వెయ్యి," అంది.

అంతే. ఆడవాళ్లు ఒక్కసారిగా గోలగోలగా కలుపుకోవడం మొదలుపెట్టారు. ఒకామె వేళ్లు నాకుతోంది. ఒకామె ఇంట్లో పిల్లలకి పట్టుకెళ్తానని చిన్న డబ్బా ముందే తెరిచి పెట్టుకుంది. గుండీలు కుట్టే ముసలామె మాట్లాడకుండా కళ్లు మూసుకుని తింటోంది. గరిటక్క వరసల మధ్య తిరుగుతుంటే కాళ్లు నేల మీద ఆనలేదు. అటు పిలుపు, ఇటు పిలుపు. ఆ కాసేపు ఆవిడ తెల్ల డబ్బాని మరిచిపోయిందంటే మనం తప్పుపట్టకూడదు.

"నువ్వు తినవా చుక్కన్నా?" ఎవరో అరిచారు. "ఇంట్లో రోజూ తినే కూరేగా అని లోకువా?"

అందరూ నవ్వారు. ఆయన చేతులు తుడుచుకుని మొహమాటంగా వచ్చి కూర్చున్నాడు. గరిటక్క వడ్డించింది. చెయ్యి అడ్డం పెడతాడనుకుంది, పెట్టలేదు. మొదటి ముద్దకే కారం నసాళానికి అంటి కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండో ముద్దకి ముక్కు కారింది. గట్టిగా చీది, కళ్లు తుడుచుకుని, లోపలికి ఊపిరి పీల్చాడు. వారం రోజుల తర్వాత ఆయన ముక్కులోకి గాలి వెళ్లింది.

అప్పుడు ఆయన తినడం ఆపాడు. తన ఎడమ చేతిని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. మసి చేతికీ వంటనూనె వాసనే. లేచి మిషను దగ్గరికి వెళ్లాడు. తెల్ల డబ్బా మూత తీశాడు. వాసన చూశాడు.

గరిటక్క గరిటె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆయన తలతిప్పి ఆవిడ వైపు చూశాడు. కోపంగా కాదు. ఏమిటో ఆవిడకి అర్థం కాని చూపు. తర్వాత మెల్లగా మూత బిగించి డబ్బాని కాలితో మిషను వెనక్కి తోసేశాడు.

మేడమ్ చెయ్యి కడుక్కుని వచ్చింది.

"వంటగది నీదేనమ్మా. సోమవారం వచ్చెయ్యి. గిన్నెలు ఏం కావాలో చెప్పు." అని చుక్కన్న వైపు తిరిగింది. "ఇక నీ సంగతి. ఇన్నేళ్లలో నిన్ను ఒక్క మాట అనలేదు. ఏం పోశావు నా మిషన్లలో?"

"తప్పు నాదే మేడమ్," అన్నాడాయన. "డబ్బా చూసుకోకుండా పోశాను. మంచి నూనె కాదది. అన్నీ విప్పి కడిగేస్తాను. తర్వాత మీరేం చేసినా సరే."

"ఎక్కణ్నించి తెచ్చావు?"

ఆయన గుడ్డపీలిక తీసి వేళ్లు తుడుచుకున్నాడు.

"ఎవడు అమ్మాడో చెప్పు. వాడి సంగతి నేను చూస్తాను."

ఆయన వేళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు. హాల్లో చప్పుడు ఆగిపోయింది. కంచాలు ఎత్తేవాళ్లు ఎక్కడివాళ్లక్కడ నిలబడ్డారు. సోమవారం అన్న మాట గరిటక్క చెవుల్లో ఇంకా మోగుతోంది. నోరు విప్పకపోతే చాలు, అంతా అయిపోతుంది. ఆయనే అలా కావాలనుకుంటున్నాడు. కాలితో డబ్బా తోసింది అందుకే.

"ఆ నూనె నాది," అంది.

"నువ్వూరుకో," అన్నాడాయన.

"ఊరుకోను. మేడమ్, అది వంటనూనె. ఆయన ఇంట్లో నూనె పొయ్యనివ్వట్లేదని ఆయన డబ్బాలోనే నింపి మెట్ల కింద దాచాను. డబ్బాలు తారుమారయ్యాయి. ఆయనకి జలుబు, వాసన తెలియలేదు. ఇందులో ఆయన చేసిందేమీ లేదు."

ఎవరో ఒకామె పక్కుమని నవ్వబోయి ఆపుకుంది. మేడమ్ నవ్వలేదు. ఆగిపోయిన మిషన్ల వరసలు చూసింది. కత్తిరించి పెట్టిన గుడ్డ చూసింది. మళ్లీ మొగుడూ పెళ్లాల్ని చూసింది.

"ఇంట్లో ఒక నూనె డబ్బా గురించి ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోలేకపోయారు. దానికి నా కార్ఖానా ఆగింది." గొంతు పెంచకుండానే అంది. "ఇలాంటి వాళ్లిద్దర్నీ ఒకే కప్పు కింద పెట్టుకోను. ఒకరు చాలు. ఎవరో మీరే చెప్పండి."

"ఆవిణ్ని ఉంచండి," అన్నాడు చుక్కన్న వెంటనే. "నాకు ఎక్కడైనా పని దొరుకుతుంది. ఆవిడ ఎన్నాళ్ల నుంచో ఎదురుచూస్తోంది." ఆగాడు. మసి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "ఒక్కటే అడుగుతాను మేడమ్. ఉప్పూకారం రుచి చూడ్డానికి మాత్రం వేరే ఎవర్నైనా పెట్టండి. ఆవిడ రక్తం బాగాలేదు. డాక్టరు చెప్పాడు. ఇంత కూర రోజూ రుచి చూస్తే..."

 గరిటక్క మొహం జేవురించింది. ఆ సంగతి ఇల్లు దాటనివ్వకూడదని ఆవిడ ఎంత జాగ్రత్తపడిందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఇప్పుడు హాలంతా విన్నది. పనిచ్చే మనిషి విన్నది.

"రుచి చూడ్డమా?" అంది ఆడపడుచు, కంచం చేత్తో పట్టుకునే. "వదిన ఎప్పుడు చూసిందన్నయ్యా? పరీక్ష అయిన దగ్గర్నుంచీ ఉడకబెట్టిన ముక్కలే తింటోంది. కూర వాసన చూసి దించేస్తుంది. అమ్మకీ నాకూ తెలుసు. నీకు తెలీదా?"

ఆయన చెల్లెలి వైపు చూశాడు. పెళ్లాం వైపు చూశాడు. పొద్దున్నే డబ్బా కట్టించుకుని వెళ్లిపోయే మనిషి, రాత్రి ముందు తినేసి లేచిపోయే మనిషి. ఆవిడ కంచంలో ఏముందో ఆయన ఎప్పుడు చూశాడు గనక?

"మరి రోజూ పోట్లాడావే," అన్నాడు. "ఒక్క రోజైనా చెప్పలేదేం, నేను తినట్లేదని."

"అడిగారా?" అంది గరిటక్క. "చుక్కల డబ్బా తెచ్చి పెట్టారు. క్యాను ఎత్తుకెళ్లారు. రోజూ నూనె గురించి మాట్లాడారు. నా గురించి ఎప్పుడు మాట్లాడారు?"

 

మేడమ్ మెడలోని టేపు తీసి చుట్టచుట్టి చేతిలో పెట్టుకుంది.

"సోమవారం పొద్దున ఒకరు రండి," అంది, ఈసారి కాస్త నెమ్మదిగా. "ఎవరొచ్చారో గుమ్మంలో చూస్తాను. ముందు ఆ మిషన్లు కడగండి."

అందరూ మెల్లగా ఎవరి చోటికి వాళ్లు వెళ్లిపోయారు. చుక్కన్న నేల మీద కూర్చుని మొదటి మిషను పక్క మూత విప్పాడు. లోపల పళ్లచక్రాలకి నూనె పసుపుపచ్చగా జిగురుకట్టి ఉంది. గరిటక్క గుడ్డపీలిక తీసుకుని ఎదురుగా కూర్చుంది. కిరసనాయిలులో ముంచి ఒక్కొక్క పన్నూ తుడవడం మొదలుపెట్టింది. ఆయన వద్దనలేదు.

"సోమవారం మీరే రండి," అంది కాసేపటికి. "మిషన్లు మీకే తెలుసు. నేను రాను."

"నేనూ రాను."

"ఎవరూ రాకపోతే ఇద్దరిదీ పోతుంది."

"పోతే పోనీ."

"మీ మొండితనమే ఇంతదాకా తెచ్చింది."

"నీదో?"

"చెప్పండి, గుమ్మంలో ఎవరు నిలబడాలి? ఇప్పుడే తేలిపోవాలి. ఇంటికెళ్తే అత్తయ్య ఇంకో మాట అంటుంది, మళ్లీ మొదటికొస్తాం. చెప్పండి."

ఆయన చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. అటు భోజనాల వరసలు ఊడ్చేసిన చోటు చూశాడు. అడుగంటా గీకేసిన పెద్ద గిన్నె చూశాడు. మూలన ఆవిడ తనకని ఉడకబెట్టిన ముక్కలు తెచ్చుకున్న చిన్న డబ్బా, మూత తియ్యనిది, చూశాడు.

"అది తర్వాత," అన్నాడు. "పొద్దుట్నుంచి నువ్వేమైనా తిన్నావా?"

గరిటక్క పళ్లచక్రం తుడుస్తూనే ఉంది. ఇంకో రెండు పళ్లు తుడిచాక, "లేదు," అంది.